తాయారమ్మ శనివారాలు

పాలకొల్లు బస్టాండు వెనక వీధిలో ఫ్యాన్సీ కొట్టు నడుపుకునే మంగతాయారు మంచి మనిషే గానీ, తనది కాని మెప్పు ఎవరైనా తెచ్చి చేతిలో పెడితే "ఇది నాది కాదండీ" అని చెప్పలేని బలహీనత ఒకటి ఆవిడకి ఉండేది.

మెప్పుకి అంత మొహం ఎందుకు వాచిందో కూడా చెప్పాలి. తాయారు చిన్నప్పటినుంచీ లావు. లావుగా ఉన్న ఆడదానికి సలహా చెప్పడానికి మన ఊళ్ళల్లో చదువు అక్కర్లేదు, వయసు అక్కర్లేదు, సిగ్గు అసలే అక్కర్లేదు. పెళ్ళిచూపుల్లో నలుగురు లావని వద్దన్నారు. ఐదోవాడు సరేనన్నాడు గానీ, "పెళ్ళయ్యాక తగ్గాలి మరి" అని షరతు పెట్టాడు. "ముందు నీ నోరు తగ్గించుకో నాయనా" అని తాయారే వాణ్ణి పంపించేసింది. ఆ తరవాత ఇంకెవరూ రాలేదు. షేరాటో ఆపితే, "వెనకది ఖాళీగా వస్తోందమ్మా, అందులో ఎక్కండి" అనేవాడు. ఆ వెనకవాడూ అదే మాట అనేవాడు. పెళ్ళి భోజనాల్లో గారె మారు అడిగితే పక్క విస్తరి వాళ్ళు నవ్వేవారు. వద్దంటే వడ్డించేవాడు నవ్వేవాడు.

కొట్టు వెనక గదిలో ఆవిడ ఒక్కతే ఉండేది. నా అన్న మనిషి ఎదురింటి భూలక్ష్మి ఒక్కతే. భూలక్ష్మి మొగుడు లారీ డ్రైవరు. ఎప్పుడో గానీ ఇంటిమొహం చూసేవాడు కాదు. పిల్లలు లేరు. షుగరు మాత్రం ఉంది. పూటకో బిళ్ళ మింగేది. పొద్దుగూకేసరికి ఇద్దరూ చెరో కంచం పట్టుకుని కొట్టు మెట్ల మీద చేరేవారు.

"ఈ వంకాయ ఏ జన్మలో కోశావే, ఇంత ముదిరిపోయింది?" అనేది ఒకావిడ.

"మనమేమన్నా లేతగా ఉన్నామేంటే? తిను" అనేది ఇంకొకావిడ.

అంతే వాళ్ళ కబుర్లు. గొప్ప మాటలేం కావు. గొప్ప మాటలతో ఎవరికీ సాయంత్రాలు గడవవు.

శనివారం శనివారం ఆ వీధి ఆడవాళ్ళు గుడి ముందు కోలాటం నేర్చుకునేవారు. రిటైరైన డ్రిల్లు టీచరు శేషకుమారి వాళ్ళ గురువు. కోలాటానికి జోడీ కావాలి. తాయారుకి జోడీగా ఎవరూ కదలకపోతే భూలక్ష్మి వచ్చి ఎదురుగా నిలబడింది. ఇద్దర్నీ శేషకుమారి వెనక వరసలో, స్పీకరు పెట్టె పక్కకి నెట్టింది. ఫోటో తీస్తే ఆ పెట్టె పడేది గానీ వీళ్ళు పడేవారు కాదు.

"పోన్లేవే, పెట్టెకన్నా మనమే గట్టిగా పాడతాం" అనేది భూలక్ష్మి.

కొన్నాళ్ళకి తాయారుకి మోకాళ్ళు పట్టేశాయి. కొట్లో స్టూలు మీంచి లేవాలంటే బల్ల పట్టుకోవలసి వచ్చేది. భీమవరంలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. ఆవిడ పరీక్షలన్నీ చేయించి, బీపీ ఉంది, షుగరు గుమ్మం దాకా వచ్చి నిలబడింది అని చెప్పి, బరువు తగ్గడానికి వారానికొక సూది మందు రాసింది. పొట్ట మీద తనే ఎలా పొడుచుకోవాలో చూపించింది.

"ఇది మాయ కాదమ్మా, మందు. ఆకలి తగ్గిస్తుంది. ఆకలి లేదని మానెయ్యకండి, నాలుగు ముద్దలైనా తినండి, అందులో పప్పో గుడ్డో ఉండేట్టు చూసుకోండి. వాంతులు ఆగకపోతే వెంటనే రండి. ఇంకొకళ్ళకి ఇవ్వకండి. దాచుకోవాల్సిన పని మాత్రం లేదు. బీపీ బిళ్ళకి లేని సిగ్గు దీనికెందుకు?" అంది.

తాయారు అన్నిటికీ తలూపింది. ఆ ఆఖరి మాట ఒక్కటీ ఆసుపత్రి గుమ్మంలోనే వదిలేసి ఇంటికొచ్చింది.

శనివారం పొద్దున్న సూది వేసుకుంది. సాయంత్రం కోలాటం అయ్యాక పూజారిగారు ఆకుల్లో దద్ధోజనం పెట్టి అందరికీ ఇచ్చారు. తాయారుకి ఆ పెరుగు వాసనకే కడుపులో తిప్పింది. ఆకు పక్కకి జరిపేసింది.

మన వైపు ఆడది తిండి పక్కన పెట్టిందంటే ఊరికి తెలిసిన కారణాలు మూడే: అలక, కడుపు, ఉపవాసం. పెళ్ళికాని మనిషికి మొదటి రెండూ కుదరవు కదా.

"ఏమ్మా తాయారూ, శనివారం పట్టావా?" అంది శేషకుమారి.

తాయారు ఔననలేదు. కాదనలేదు. తల కొంచెం వంచింది. ఆ వంచిన తలని జట్టు మొత్తం ఔననే చదువుకుంది.

"ఎంత గుట్టు! మనమైతే టముకు వేసేవాళ్ళం" అంది ఒకావిడ. అన్నేళ్ళలో తాయారుని ఆ జట్టు మెచ్చుకోవడం అదే మొదలు. ఆవిడ ఆ మాటని గోరువెచ్చని నీళ్ళలా ఒంటి మీద పోసుకుంది.

భూలక్ష్మికి మాత్రం నిజం చెబుదామనే అనుకుంది. కానీ మెట్ల దగ్గరికి రాగానే భూలక్ష్మే మొదలుపెట్టింది. "ఏవే, ఇంత పెద్ద మొక్కు మొక్కుకుని నాతో మాట మాత్రం అనలేదే! నా జోడీ అంటే ఏమనుకున్నారు అని అందరితో చెప్పానే" అని మురిసిపోయింది. అంత మురిసిపోతున్న మనిషి దగ్గర, అబ్బే, సూది వేసుకున్నానే అని ఎలా చెప్పడం? రేపు చెబుదాంలే అనుకుంది తాయారు. అబద్ధానికి రేపు అనే మాటంత మంచి ఎరువు ఇంకోటి లేదు.

నెలలు గడిచాయి. తాయారు తగ్గింది. మోకాళ్ళు తేలికపడ్డాయి. షేరాటో ఆవిడ కోసం ఆగింది. జాకెట్లన్నీ కుట్టు వేయించుకుంది. "వెంకన్న కళ్ళు తెరిచి చూశాడు" అంది ఊరు. వెంకన్న చూస్తే చూశాడేమో గానీ, ఫ్రిజ్జులో పెరుగు గిన్నె వెనకాల దాచిన సూది మందు డబ్బాని మాత్రం ఇంకెవరూ చూడలేదు.

మెచ్చుకున్నవాళ్ళు ఊరుకుంటారా? పద్ధతి చెప్పమన్నారు. "పొద్దున్నించీ ఏం తీసుకుంటావ్? పాలు తాగొచ్చా? నియమాలేంటి?" అని చుట్టూ మూగారు. నోట్లోంచి కాదన్న మాట రాకపోతే ఇంకేదో మాట రావాలి కదా. "మంచినీళ్ళు. సాయంత్రం దీపం పెట్టాక రెండు అరటిపళ్ళు. అంతే" అంది తాయారు. నిజానికి ఆవిడ శనివారం మధ్యాహ్నం తలుపేసుకుని పప్పన్నం నాలుగు ముద్దలు తినేది. డాక్టరమ్మ తినమంది మరి.

జట్టంతా ఉపవాసాలు మొదలుపెట్టింది. దానికి తాయారమ్మ శనివారాలని పేరు కూడా పెట్టారు. ఒకావిడకి గ్యాసు పట్టింది. ఒకావిడకి కళ్ళు తిరిగాయి. బరువు ఎవరికీ తగ్గలేదు. శనివారం మాడిన కడుపు ఆదివారం ఊరుకుంటుందా? "భక్తి చాలలేదు" అని తేల్చింది శేషకుమారి. చూశారా, ఆకలేసిన వాళ్ళందరూ పాపాత్ములైపోయారు, ఆకలి లేని ఒక్కతే పుణ్యాత్మురాలైంది.

ఆ పుణ్యాత్మురాలి సాయంత్రాలు ఎలా ఉండేవో ఎవరూ అడగలేదు. భూలక్ష్మి కంచంతో వచ్చేది. తాయారు ఉత్త చేతులతో కూర్చునేది. వేయించిన చేప వాసన వస్తే మొహం పక్కకి తిప్పుకునేది. ఎదురుగా ఒకరు తినకుండా చూస్తుంటే తినే మనిషికి ముద్ద దిగదు. భూలక్ష్మి గబగబా నాలుగు ముద్దలు మింగి లేచిపోవడం మొదలుపెట్టింది. తరవాత ఇంట్లోనే తినేసి వచ్చేది. తరవాత రావడమే తగ్గింది. తాయారు టీవీ పెట్టుకుని శబ్దం తగ్గించేది, ఎదురింట్లో గిన్నెల చప్పుడు వినబడుతుందేమోనని. ఆకలి ఒక్క కడుపుదే అనుకుంటాం. ఒక మనిషి వాకిట్లోకి ఇంకో మనిషిని పిలుచుకొచ్చేది అదే. అది పోయాక తాయారు సాయంత్రాలు రబ్బరులా సాగాయి. నిజం చెప్పుంటే, ఆ రెండు ముద్దలేవో పక్కన కూర్చునే తినేది. నిజం చెప్పకపోబట్టి తలుపేసుకుని తినాల్సి వచ్చింది.

ఇంతలో శేషకుమారి జోడీలు మార్చింది. తాయారుని ముందు వరసలో తన ఎదురుగా పెట్టుకుంది. భూలక్ష్మిని ఒక్కదాన్నీ స్పీకరు పెట్టె దగ్గరే ఉంచి, "నీ జోడీని చూసైనా నేర్చుకో" అంది. భూలక్ష్మి తాయారు వంక చూసింది. తాయారు చీర కుచ్చెళ్ళు సర్దుకుంది.

ఆ వారమే ఓ మధ్యాహ్నం భూలక్ష్మి కొట్టుకి వచ్చింది. ఎవరూ లేకుండా చూసి బల్ల మీదికి వంగింది.

"తాయారూ, నిజం చెప్పవే. ఈ శనివారాలే కాకుండా ఇంకేమన్నా చేస్తున్నావా? నేనూ నీతోపాటే పట్టాను కదే. బరువు అటూ ఇటూ కూడా కాలేదు. ఆ శేషకుమారి అందరిముందూ అంటోంది. నాకు చెప్పు. నా మొగుడికి కూడా చెప్పను."

చెప్పాల్సిన క్షణం అంటే అదీ. వెనక గదిలో ఫ్రిజ్జు గుయ్యిమంటోంది. ఒక్క మాట చాలు. కానీ ఆ మాట అంటే ముందు వరస పోతుందనిపించింది. ఈ మనిషి మాట దాస్తుంది, నిజమే. కానీ ఇన్నాళ్ళూ నన్నూ మోసం చేశావా అన్నట్టు చూసే ఆ చూపుని తట్టుకోవడమెలా అనిపించింది. భయపడ్డ మనిషి నోట కరుకు మాటే వస్తుంది.

"మధ్యలో ఏదైనా తింటున్నావేమో చూసుకో" అంది తాయారు.

భూలక్ష్మి మొహం అక్కడే ఆగిపోయింది. "పోనీ, అరటిపళ్ళు కూడా మానెయ్యనా?" అంది మెల్లిగా.

"నీ ఇష్టం. నమ్మకం ఉండాలి గానీ" అంది తాయారు, రిబ్బను చుట్టలు సర్దుతూ.

ఆ వైశాఖంలో దగ్గరి ఊళ్ళో స్వామి కల్యాణానికి జట్టుని పిలిచారు. ఆ రోజు శనివారం. మధ్యలో గుంజ పాతి, దాని తల నుంచి రంగు రంగుల తాళ్ళు వేలాడదీశారు. జడ కోలాటం అది. ఒక్కొక్కరు ఒక్కో తాడు పట్టుకుని, ఒకరి పక్కనుంచి ఒకరు దూరుతూ తిరుగుతుంటే పైన తాళ్ళన్నీ జడలా అల్లుకుంటాయి. ఒక్కరు అడుగు తప్పితే జడంతా చిక్కు పడుతుంది. ఎండ ఇంకా దిగలేదు. పందిట్లో ఊపిరాడటం లేదు.

పాట జోరందుకుంది. జడ సగం అల్లారు. అప్పుడు భూలక్ష్మి అటు వెళ్ళాల్సింది ఇటు వెళ్ళింది.

"భూలక్ష్మీ, అడుగు!" అని అరిచింది శేషకుమారి.

భూలక్ష్మి మళ్ళీ తప్పింది. ఎదురుగా వచ్చిన తాయారుని గుద్దుకుని, ఆవిడ మొహంలోకి ఎవరో తెలియనట్టు చూసింది. రవిక చెమటకి తడిసి ముద్దయింది. చేతులు వణుకుతున్నాయి.

"మైమరిచిపోయిందిరా, స్వామి పూనాడు" అన్నారు జనంలోంచి. భూలక్ష్మి నవ్వబోయినట్టు పెదవి విరిచి, తాడు పట్టుకునే కూలబడిపోయింది. పైన అల్లిన జడ ఒక పక్కకి లాక్కుపోయింది. నీళ్ళు చల్లారు. తీర్థం తెచ్చారు. తాయారు ఆ చెయ్యి పట్టుకుంది. మంచుముక్కలా ఉంది.

"ఆటో!" అని తాయారు అరిచిన అరుపుకి పాట ఆగిపోయింది.

ఆసుపత్రిలో డాక్టరు కుర్రాడు రక్తం చుక్క తీసి చూసి, నర్సుని కేకేసి చేతికి సెలైను పెట్టించాడు. గ్లూకోజు ఎక్కించాడు. కొంతసేపటికి భూలక్ష్మి కనురెప్పలు కదిలాయి.

"ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేది కాదు. షుగరు బిళ్ళ వేసుకుందా ఇవాళ?" అన్నాడు.

"వేసుకునే ఉంటుందండి, ఎప్పుడూ మానదు" అంది శేషకుమారి.

"తిండి?"

"ఉపవాసమండి. శనివారం కదండీ."

"బిళ్ళ వేసుకుని పస్తా? షుగరు పడిపోదూ? ఎవరు చెప్పారీవిడకి?"

ఆడవాళ్ళందరూ తాయారు వైపు చూశారు. తాయారు నేల వైపు చూసింది. శేషకుమారి అందుకుంది. "ఉపవాసం మీద తోసెయ్యకండి డాక్టరుగారూ. ఈవిడ ఎన్నాళ్ళనించో అదే ఉపవాసం చేస్తోంది, దీపంలా ఉంది చూడండి. ఈ భూలక్ష్మే మధ్యలో ఎక్కడో ఎంగిలిపడి ఉంటుంది. మొక్కు చెడితే స్వామి ఊరుకుంటాడా?"

ఆ రోజు కొట్లో తాయారు అన్న మాటే. నోరు తెరవలేక మంచం మీద పడున్న మనిషి మీద, ఇంకొకరి నోటి నుంచి, మళ్ళీ అదే మాట. ఇంక తాయారు ఓర్చుకోలేకపోయింది.

"అది ఏమీ తినలేదు. తిన్నది నేను" అంది.

"అదేంటి?" అంది శేషకుమారి.

"నాది ఉపవాసం కాదండీ. వారం వారం సూది వేసుకుంటున్నాను. బరువు తగ్గే మందు. దానికే ఆకలి చచ్చిపోయింది, దానికే తగ్గాను. మీరు ఉపవాసమా అంటే తలొంచాను. అరటిపళ్ళ లెక్క నేనే కల్పించాను. శనివారం మధ్యాహ్నం తలుపేసుకుని అన్నం తిన్నాను."

డాక్టరు కుర్రాడు, "మీ మందు మీకు డాక్టరు రాసిచ్చారు కదా. తప్పేముంది, చెప్పేస్తే పోయేదిగా" అని, రాత్రికి మళ్ళీ షుగరు పడిపోవచ్చు, రేపటిదాకా ఇక్కడే ఉంచాలి అని చెప్పి వెళ్ళిపోయాడు. అతనికి అది అంత చిన్న మాట.

ఆడవాళ్ళు ఒక్కొక్కరే బయటికి జారుకున్నారు. తాయారు మంచం పక్కన కూర్చుంది. భూలక్ష్మి కళ్ళు తెరిచే ఉంది. అంతా వింది.

"సూది వేసుకున్నందుకు కాదే నా బాధ" అంది. "నాతో చెప్పుంటే శనివారం శనివారం నేనే గుర్తు చేసేదాన్ని. నువ్వు మధ్యలో తింటున్నావేమో అన్నావు చూడు... నేను ఇంటికెళ్ళి కూర్చుని ఆలోచించానే. నిజంగానే తిన్నానేమో, తిని మర్చిపోయానేమో అని. నా మాట నేనే నమ్మలేదు. నీ మాట నమ్మాను."

తాయారు ఏడ్చింది. భూలక్ష్మి ఓదార్చలేదు. గోడ వైపు తిరిగింది.

ఊరి సంగతి అంటారా, ఊరికి అన్నీ అరుగుతాయి. శేషకుమారి కొన్నాళ్ళు మొహం మాడ్చుకుంది. ఆ తరవాత రిబ్బన్లు కొనే నెపంతో కొట్టుకొచ్చి, "ఆ భీమవరం డాక్టరమ్మ ఎప్పుడెప్పుడు ఉంటుందమ్మా?" అని గుసగుసగా అడిగింది. ఆవిడ వెనకే ఇంకొకావిడ. తాయారు ఇప్పుడు ఎవరడిగినా దాచలేదు. "వెళ్ళి చూపించుకోండి. మీకు పడుతుందో లేదో ఆవిడే చెబుతుంది. నా మాట విని మాత్రం ఏమీ చెయ్యకండి" అనేది. ముందు వరసలో చోటు పోలేదు. మెప్పూ పోలేదు, "ధైర్యంగా ఒప్పుకుంది" అని కొత్త మెప్పొకటి వచ్చి చేరింది.

భూలక్ష్మి మాత్రం కోలాటం మానేసింది. బాగా కోలుకుందని తెలిశాక తాయారు వీధి దాటి ఎదురింటికి వెళ్ళింది. గుమ్మంలో ఎంతసేపు నిలబడిందో. లోపల్నుంచి భూలక్ష్మి చూసి లేచి వచ్చింది. మొహంలో కోపం లేదు.

"రండి తాయారుగారూ, కూర్చోండి" అంది.

ఫ్యాను వేసింది. గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. "కొట్టు బాగా నడుస్తోందాండీ?" అని అడిగింది. అద్దెకి ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడింది.

తాయారు తిట్టించుకోవడానికి వచ్చింది. ఎన్ని తిట్లు తిన్నా సరే, ఆ తిట్ల చివర ఒక్క "ఒసేయ్" వినబడితే చాలనుకుని వచ్చింది. తిట్టే మనిషి ఎప్పుడో ఒకనాడు నవ్వుతుంది. మర్యాద చేసే మనిషిని ఏం చేస్తాం? నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, "వస్తానండీ" అని లేచింది. "మంచిదండీ" అని భూలక్ష్మి గుమ్మందాకా సాగనంపి, తలుపు నెమ్మదిగా దగ్గరికి వేసింది.

నీతి: ఒంటికి అవసరమైన మందు వాడుకోవడం తప్పు కాదు, మందు చేసిన పనిని మన నిష్ఠ అని చాటుకుని, ఆ నిష్ఠ నీకు లేదని పక్కవాళ్ళని చిన్నబుచ్చడం తప్పు, అలా చేసినవాళ్ళకి చివరికి మెచ్చుకునేవాళ్ళు మిగులుతారు గానీ మనవాళ్ళు మిగలరు.